మూత్రంలో మంట: మింగిన మాత్ర ఎక్కడిదాకా వెళ్తుంది?

మూడు కల్చర్ రిపోర్టులు, అంటే మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసిన పరీక్షల ఫలితాలు, ఉన్నాయనుకుందాం. మూడింటిలోనూ ఒకే పేరు: ఈ. కోలై. బ్యాక్టీరియా సంఖ్యా ఒకటే, మిల్లీలీటరు మూత్రానికి లక్షకు పైగా. ఏ మందుకు లొంగుతుంది, దేనికి లొంగదు అనే పట్టిక కూడా మక్కీకి మక్కీ ఒకటే.

మొదటి రిపోర్టు 28 ఏళ్ల యువతిది. రెండు రోజులుగా మూత్రానికి వెళ్లినప్పుడల్లా మంట, వెళ్లి వచ్చిన పది నిమిషాలకే మళ్లీ వెళ్లాలనిపించడం. జ్వరం లేదు. ఆమెకు నైట్రోఫ్యురాంటోయిన్ ఐదు రోజులకు రాశారు. రెండోది 45 ఏళ్ల మహిళది. వణుకుతో జ్వరం, నడుముకు ఒక పక్కన పక్కటెముకల కింద నొప్పి, వాంతులు రెండుసార్లు. ఆమెకు సిప్రోఫ్లాక్సాసిన్ ఏడు రోజులు. మూడోది 78 ఏళ్ల పెద్దావిడది. ఏ బాధా లేదు, ఏటా చేయించుకునే పరీక్షల్లో భాగంగా ఇదీ చేయించారు. ఆమెకు ఏ మందూ రాయలేదు.

ఈ ముగ్గురూ ఒకచోట కూర్చుని రిపోర్టులు పోల్చి చూసుకుంటే డాక్టర్ల మీద అనుమానం రాక మానదు. కానీ మూడు చీటీలూ సరైనవే. బ్యాక్టీరియా పేరొక్కటే చూసి మందు రాయరు. అది ఎక్కడ తిష్ఠ వేసింది, మింగిన మాత్ర అక్కడికి చేరుతుందా, అసలు అది హాని చేస్తోందా అన్నవి చూసి రాస్తారు. మూత్ర ఇన్ఫెక్షన్ల గురించి జనంలో ఉన్న అయోమయంలో చాలా భాగం ఈ మూడు ప్రశ్నలను ఒకటిగా కలిపేయడం వల్ల వచ్చిందే.

ముందు, అది ఎక్కడుంది?

2019లో ప్రపంచం మొత్తం మీద 40 కోట్లకు పైగా మూత్ర ఇన్ఫెక్షన్లు వచ్చినట్టు అంచనా. మామూలు మూత్రాశయ ఇన్ఫెక్షన్లలో నాలుగింట మూడు వంతులకు పైగా ఈ. కోలై పనే. క్లెబ్సియెల్లా, ప్రోటియస్, ఎంటెరోకాకస్, స్టెఫైలోకాకస్ సాప్రోఫైటికస్ వంటివి మిగతా వాటా పంచుకుంటాయి. ఈ. కోలై సొంత ఇల్లు పెద్దపేగు. అక్కడున్నంత కాలం దానితో మనకు పేచీ లేదు. మలద్వారం పరిసరాల నుంచి మూత్రద్వారం దగ్గరికి చేరి పైకి పాకితేనే గొడవ. స్త్రీలలో ఆ దారి పొడవు సుమారు 4 సెంటీమీటర్లు, పురుషుల్లో దాదాపు 20. ఈ జబ్బు స్త్రీలలోనే ఎందుకు ఎక్కువ అన్నదానికి సగం జవాబు ఈ కొలతలోనే ఉంది.

పైకి పాకిన బ్యాక్టీరియాను మూత్రధార ఎప్పటికప్పుడు కడిగి పారేయాలి. చాలాసార్లు కడిగేస్తుంది కూడా. కొన్ని ఈ. కోలై రకాలకు మాత్రం ఒంటి నిండా సన్నటి నూగు లాంటి పోగులు ఉంటాయి. ఒక్కో పోగు కొసన ఫిమ్‌హెచ్ అనే ప్రొటీన్ కొక్కెంలా పనిచేస్తుంది. మూత్రాశయం లోపలి పొరలోని కణాల మీద మన్నోస్ అనే చక్కెర ఉంటుంది, ఈ కొక్కెం దాన్ని పట్టుకుంటుంది. అలా అంటుకున్న వాటిలో కొన్ని కణం లోపలికే దూరి, గుంపుకట్టి దాక్కుంటాయి. దీన్ని ఎలుకల్లో స్పష్టంగా చూశారు. ఇన్ఫెక్షన్ వచ్చిన స్త్రీల మూత్రంలో రాలిపడిన కణాల్లోనూ అలాంటి గుంపుల ఆనవాళ్లు కనిపించాయి. కోర్సు పూర్తిగా వాడినా నెల తిరగకుండా అదే మంట మళ్లీ రావడానికి ఇది ఒక వివరణ.

ఇక్కడివరకు జరిగింది మూత్రాశయ ఇన్ఫెక్షన్. లక్షణాలన్నీ కిందే ఉంటాయి: మంట, ఆగలేకపోవడం, పొత్తికడుపులో బరువు, ఒక్కోసారి మూత్రంలో నెత్తురు జీర. అక్కడి నుంచి బ్యాక్టీరియా ఇంకా పైకెక్కి కిడ్నీకి చేరితే కథ మారుతుంది. జ్వరం, వణుకు, పక్క నొప్పి, వాంతులు వస్తాయి. కిడ్నీ అంటే నెత్తురు ధారాళంగా ప్రవహించే కండ. అక్కడి ఇన్ఫెక్షన్ రక్తంలోకి దిగడానికి పెద్దగా సమయం పట్టదు. కాబట్టి డాక్టరు అడిగే మొదటి ప్రశ్న జ్వరం ఉందా అన్నదైతే, అది మర్యాదకు అడిగిన ప్రశ్న కాదు. ఆ ఒక్క జవాబుతో సగం మందులు జాబితా నుంచి జారిపోతాయి.

ఒక మాత్ర ప్రయాణం

నైట్రోఫ్యురాంటోయిన్‌ను దగ్గరగా చూస్తే మిగతా మందులన్నీ సులువుగా అర్థమవుతాయి. ఇది పాత మందు, 1953లో అమెరికాలో అనుమతి పొందింది. మాత్ర మింగాక పేగుల్లోంచి రక్తంలోకి వస్తుంది, కానీ రక్తంలో నిలవదు. గంట తిరగకముందే సగానికి తగ్గిపోతుంది. కిడ్నీలు దాన్ని ఆబగా వడకట్టి మూత్రంలోకి నెట్టేస్తాయి. మామూలు మోతాదులో మిల్లీలీటరు రక్తంలో ఒక మైక్రోగ్రాము కూడా ఉండని ఈ మందు, మూత్రంలో దానికి పదుల నుంచి వందల రెట్లు చిక్కగా పేరుకుంటుంది.

ఆ యువతికి ఇదే కావాలి. బ్యాక్టీరియా మూత్రాశయంలో ఉంది, మందూ అక్కడే పోగవుతోంది. మిగతా శరీరాన్ని, పేగులోని మంచి బ్యాక్టీరియాను ఇది పెద్దగా కదిలించదు. జ్వరంతో వచ్చిన రెండో ఆవిడకు ఇదే మందు ఇస్తే ఏమవుతుంది? కిడ్నీ కండలోకి, రక్తంలోకి చాలినంత మందు వెళ్లదు. మంట కొంత తగ్గినట్టు అనిపించవచ్చు, పైన మాత్రం ఇన్ఫెక్షన్ ఎప్పటిలాగే ఉంటుంది. రిపోర్టులో నైట్రోఫ్యురాంటోయిన్ పక్కన సెన్సిటివ్ అని రాసి ఉన్నా ఇంతే. ల్యాబ్‌లో పళ్లెం మీద మందూ బ్యాక్టీరియా పక్కపక్కనే ఉంటాయి. ఒంట్లో వాటిని ఒకచోటికి చేర్చే బాధ్యత ల్యాబ్‌ది కాదు.

డెబ్బై ఏళ్లు దాటినా ఈ మందుకు ఈ. కోలై ఇంకా బాగానే లొంగుతోంది. కారణం తమాషాగా ఉంటుంది. నైట్రోఫ్యురాంటోయిన్ తనంతట తాను పెద్దగా చేసేదేమీ లేదు. బ్యాక్టీరియాలోని ఎంజైములే దాన్ని విరిచి విషంగా మారుస్తాయి. ఆ ముక్కలు డీఎన్‌ఏ, ప్రొటీన్లు, శక్తిని తయారుచేసే వ్యవస్థ అన్నింటినీ ఒకేసారి దెబ్బతీస్తాయి. ఒకే తాళానికి ఒకే తాళంచెవి లాంటి మందైతే బ్యాక్టీరియా తాళం మార్చుకుని బయటపడుతుంది. ఇన్ని వైపుల నుంచి దాడి జరిగితే తప్పించుకోవడం కష్టం.

దీనికి పరిమితులు ఉన్నాయి, అవన్నీ ఆ ప్రయాణంలోంచే పుట్టుకొస్తాయి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారిలో మందు మూత్రంలోకి చేరదు, రక్తంలో మిగిలిపోయి నరాలకు హాని చేయగలదు. కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్ అనే అంకె 60 కంటే తక్కువుంటే వాడవద్దని అమెరికా లేబుల్ చెబుతుంది. కొద్దిరోజుల వాడకానికి 30 వరకు ఫర్వాలేదని తర్వాతి మార్గదర్శకాలు కొన్ని సడలించాయి. ఎర్రరక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతో లోపించినవారిలో ఆ కణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. నెలల తరబడి వాడితే అరుదుగా ఊపిరితిత్తులు, కాలేయం దెబ్బతింటాయి. నెలలు నిండిన గర్భిణులకు ఇవ్వరు. ఇక మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారడం చూసి కంగారు పడేవారు చాలామంది. అది మందు రంగే. తిండితో కలిపి వేసుకుంటే ఎక్కువగా ఒంటబడుతుంది, వికారమూ తగ్గుతుంది.

ఇక్కడ నాకు చిరాకు తెప్పించే విషయం ఒకటి చెప్పాలి. మంట తగ్గడానికని మూత్రంలోని ఆమ్లగుణాన్ని తగ్గించే సిట్రేట్ సిరప్‌ను నైట్రోఫ్యురాంటోయిన్‌కు తోడుగా వాడేవారు ఉన్నారు. ఈ మందు ఆమ్ల మూత్రంలోనే బాగా పనిచేస్తుంది. ఒక చేత్తో మందు ఇచ్చి, రెండో చేత్తో దాని పదును తగ్గించడమే ఇది. ప్రోటియస్ అనే బ్యాక్టీరియా ఈ పని తనంతట తానే చేసుకుంటుంది. యూరియాను విరగ్గొట్టి మూత్రాన్ని క్షారంగా మార్చేస్తుంది, ఒక రకం రాళ్లకూ కారణమవుతుంది. పుట్టుకతోనే అది నైట్రోఫ్యురాంటోయిన్‌కు లొంగదు.

మిగతా మాత్రలు

ఫాస్ఫోమైసిన్‌ది ఇలాంటి దారే. 1969లో స్పెయిన్‌లో మట్టిలోని స్ట్రెప్టోమైసెస్ జాతి సూక్ష్మజీవి నుంచి దీన్ని కనుగొన్నారు. 3 గ్రాముల పొడిని నీళ్లలో కలిపి ఒక్కసారి తాగితే, మూత్రంలో రెండు రోజుల దాకా చాలినంత మందు నిలుస్తుంది. బ్యాక్టీరియా గోడ కట్టుకునే పనిలో మొట్టమొదటి మెట్టునే ఇది అడ్డుకుంటుంది. అదే గోడను పెన్సిలిన్ జాతి మందులు చివరి మెట్టు దగ్గర అడ్డుకుంటాయి. అందుకే వాటికి మొండికేసిన బ్యాక్టీరియా కూడా తరచు దీనికి లొంగుతుంది. ఒక్క మోతాదుతో అయిపోవడం మంచి సౌకర్యమే, కానీ సౌకర్యానికీ గుణానికీ తేడా ఉంది. 2018లో 513 మంది స్త్రీల మీద జరిగిన ఒక పరీక్షలో నైట్రోఫ్యురాంటోయిన్ ఐదు రోజులు వాడిన వారిలో 70 శాతం మందికి 28 రోజుల తర్వాత కూడా బాధ లేదు. ఒక్క మోతాదు ఫాస్ఫోమైసిన్ తీసుకున్నవారిలో ఆ సంఖ్య 58 శాతం. క్లెబ్సియెల్లా అయితే ఈ మందును విరగ్గొట్టే జన్యువు దానిలో తరచు ఉంటుంది, కాబట్టి అక్కడ నమ్మకం ఇంకా తక్కువ.

ట్రైమెథోప్రిమ్, సల్ఫామెథాక్సజోల్ కలిసిన కోట్రైమాక్సజోల్ ఒకప్పుడు ఈ జబ్బుకు తిరుగులేని మందు. బ్యాక్టీరియా తన పెరుగుదలకు కావాల్సిన ఫోలేట్ అనే విటమిన్‌ను తయారుచేసుకునే దారిలో రెండు చోట్ల అడ్డుకట్ట వేస్తుంది. స్త్రీలలో మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు మూడు రోజులు చాలు. ఇది మూత్రంలోనే కాదు, కణజాలంలోకీ వెళ్తుంది, కిడ్నీ ఇన్ఫెక్షన్‌కూ పనికొస్తుంది. చిక్కల్లా నిరోధకతే. ఒక ప్రాంతంలో 20 శాతం కంటే ఎక్కువ ఈ. కోలై దీనికి లొంగకపోతే, కల్చర్ చూడకుండా దీనితో మొదలుపెట్టకూడదన్నది చాలాకాలంగా ఉన్న సూత్రం. బీపీకి కొన్ని రకాల మాత్రలు వాడేవారిలో ఇది రక్తంలో పొటాషియంను ప్రమాదకరంగా పెంచగలదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వాడేవారిలో రక్తం మరీ పలచబడవచ్చు. సల్ఫా పడనివారి సంగతి చెప్పనక్కర్లేదు.

పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతుల మాత్రలు, అంటే అమాక్సిసిలిన్‌తో క్లావులానిక్ ఆమ్లం, సెఫలెక్సిన్, సెఫురాక్సిమ్ వంటివి, పనిచేయవని కాదు. అయితే మూత్రాశయ ఇన్ఫెక్షన్‌లో వీటిని రెండో వరుసలో పెడతారు. యోని పరిసరాల్లో కాపలా కాసే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియాను ఇవి తుడిచిపెట్టగలవు, ఆ ఖాళీలోకి ఈ. కోలై తీరిగ్గా తిరిగొస్తుంది. గర్భిణుల్లో మాత్రం ఇవే పెద్ద దిక్కు. ఉత్త అమాక్సిసిలిన్ కాలం ఎప్పుడో చెల్లిపోయింది, కల్చర్ చూసి రాస్తే తప్ప.

బలమైన మందు అనే భ్రమ

రెండో ఆవిడకు రాసిన సిప్రోఫ్లాక్సాసిన్ ఫ్లోరోక్వినోలోన్ల కుటుంబానిది. ఈ కుటుంబానికి మూలపురుషుడు నాలిడిక్సిక్ ఆమ్లం. మలేరియా మందు క్లోరోక్విన్ తయారీ పనిలో పక్కన పుట్టిన పదార్థం నుంచి దారి దొరికి, 1962లో వెలుగులోకి వచ్చింది. అది మూత్రంలో తప్ప ఎక్కడా పనికొచ్చేది కాదు. దాని వారసులు మాత్రం రక్తంలోకి, కిడ్నీ కండలోకి, ప్రోస్టేట్‌లోకి చొచ్చుకుపోతాయి. నోటి మాత్రతో కిడ్నీ ఇన్ఫెక్షన్‌ను ఇంటి దగ్గరే నయం చేయడం చాలామందిలో వీటివల్లే సాధ్యమైంది. ఆమెకు సిప్రో రాయడానికి కారణం ఇదే: బ్యాక్టీరియా ఉన్నచోటికి వెళ్తుంది. వాంతులు ఆగకపోయినా, బీపీ పడిపోతున్నా, గర్భిణి అయినా మాత్రలతో కాలక్షేపం చేయకుండా ఆస్పత్రిలో ఇంజెక్షన్‌తో మొదలుపెట్టాలి.

మరి ఇంత దూరం వెళ్లే మందును మొదటి యువతికి ఎందుకు ఇవ్వలేదు? చాలా ఏళ్లు అలాగే ఇచ్చారు, మంట అనగానే సిప్రో. ఫలితం రెండు రకాలుగా వచ్చింది. వాడకం పెరిగేకొద్దీ ఈ. కోలై మొండికెత్తింది. రెండోది దుష్ఫలితాలు. కండరాన్ని ఎముకకు కట్టే నరంలాంటి పట్టీ తెగిపోయే ప్రమాదం ఉందని 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తన అతి తీవ్రమైన హెచ్చరికను ఈ మందుల మీద వేసింది. వేరే దారి ఉన్నప్పుడు మామూలు మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు వీటిని వాడవద్దని 2016లో చెప్పింది. బృహద్ధమని ఉబ్బి చిట్లే ప్రమాదం గురించి 2018లో మరో హెచ్చరిక జారీ చేసింది. ఇవి తరచు జరిగేవి కావు. అయితే ఐదు రోజుల్లో వేరే మాత్రతో పోయే మంట కోసం ఆ ప్రమాదాన్ని నెత్తికెత్తుకోవడంలో లెక్క కుదరదు. నన్నడిగితే బలమైన మందు, బలహీనమైన మందు అనే మాటలనే పక్కన పెట్టాలి. మాక్సిఫ్లాక్సాసిన్ ఇదే కుటుంబంలో కొత్త తరానిది, న్యుమోనియాకు వాడే గట్టి మందు. మూత్రంలోకి చాలినంత చేరదు కాబట్టి మూత్ర ఇన్ఫెక్షన్‌కు పనికిరాదు.

సిప్రో వాడేవారు ఒక చిన్న విషయం గుర్తుపెట్టుకోవాలి. ఐరన్, కాల్షియం, జింక్ మాత్రలు, యాంటాసిడ్లు దీన్ని పేగులోనే కట్టిపడేస్తాయి. వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. రక్తహీనతకు రోజూ ఐరన్ మాత్ర వేసుకుంటూ, దాంతోపాటే సిప్రో మింగి, మందు పనిచేయలేదని వాపోయేవారి విషయంలో తప్పు బ్యాక్టీరియాది కాదు.

పురుషుల సంగతి వేరు. వారిలో ఈ ఇన్ఫెక్షన్ వస్తే ప్రోస్టేట్ గ్రంథి కూడా అందులో చిక్కుకుని ఉండవచ్చు. కొవ్వులో కరిగే మందులే ఆ గ్రంథిలోకి బాగా చొరబడతాయి. కోట్రైమాక్సజోల్, ఫ్లోరోక్వినోలోన్లు వెళ్తాయి, నైట్రోఫ్యురాంటోయిన్ వెళ్లదు. జ్వరం లేని పురుషులకు రెండు వారాలు వాడాలన్నది పాత అలవాటు. 2021లో వచ్చిన అధ్యయనం ఒకటి ఏడు రోజులు కూడా అంతే బాగా పనిచేస్తాయని తేల్చింది.

రిపోర్టు చదవడం

ఇప్పుడు ఆ కాగితాన్ని పై నుంచి కిందికి చూద్దాం. అన్నిటికంటే ముఖ్యమైన విషయం కాగితంలో ఉండదు: సీసా ఎంతసేపు బల్ల మీద ఉంది? ఉదయం పట్టిన మూత్రంలో మిల్లీలీటరుకు వెయ్యి బ్యాక్టీరియా ఉన్నాయనుకోండి. అరగంటకొకసారి రెట్టింపైనా నాలుగు గంటల్లో 2,56,000 అవుతాయి. ఇన్ఫెక్షన్ మనిషిలో కాదు, సీసాలో పెరిగింది. అందుకే గంటా రెండు గంటల్లో ల్యాబ్‌కు చేర్చాలి, లేదా ఫ్రిజ్‌లో ఉంచాలి. మొదటి ధార వదిలేసి మధ్య ధారను పట్టమనేది కూడా చర్మం మీది బ్యాక్టీరియా కలవకుండా ఉండేందుకే. రిపోర్టులో మూడు నాలుగు రకాల బ్యాక్టీరియా కలగలిసి కనిపించాయంటే, చాలావరకు శాంపిల్ సరిగ్గా పట్టలేదనే అర్థం.

తర్వాత ఆ లక్ష. ఎడ్వర్డ్ కాస్ అనే అమెరికా వైద్యుడు 1956లో ఈ గీత గీశారు. నిజమైన ఇన్ఫెక్షన్‌ను శాంపిల్‌లో పడిన మురికి నుంచి వేరు చేయడం ఆయన ఉద్దేశం. కాలక్రమంలో అది శిలాశాసనమైపోయింది. మంట, తరచు వెళ్లాల్సి రావడం వంటి లక్షణాలు స్పష్టంగా ఉన్న స్త్రీలలో వంద, వెయ్యి ఉన్నా అది ఇన్ఫెక్షనే కావచ్చని తర్వాతి పరిశోధనలు చూపాయి. ఏ లక్షణమూ లేనప్పుడు పది లక్షలున్నా జబ్బు కాకపోవచ్చు. నిజానికి జ్వరం లేకుండా మొదటిసారి మంటతో వచ్చిన యువతికి కల్చర్ అవసరమే ఉండదు. లక్షణాలు చెబితే చాలు. కిడ్నీ ఇన్ఫెక్షన్ అనుమానం ఉన్నా, గర్భిణి అయినా, పురుషుడైనా, మందు వాడినా తగ్గకపోయినా, మళ్లీ మళ్లీ వస్తున్నా కల్చర్ తప్పనిసరి. అదీ మొదటి మాత్ర వేసుకోకముందే.

ఇక మందుల పట్టిక. ఒక్కో పేరు పక్కన సెన్సిటివ్ లేదా రెసిస్టెంట్ అని, కొన్ని ల్యాబ్‌లు ఎంఐసీ పేరుతో ఒక అంకెనూ ఇస్తాయి. బ్యాక్టీరియా పెరగకుండా ఆపడానికి కనీసం ఎంత మందు కావాలో ఆ అంకె చెబుతుంది. చాలామంది దాన్ని పరుగుపందెం ఫలితంలా చదువుతారు: సిప్రోకు 0.25, నైట్రోఫ్యురాంటోయిన్‌కు 16, కాబట్టి సిప్రోదే గెలుపు. అది తప్పు. మూత్రంలో నైట్రోఫ్యురాంటోయిన్ చేరే గాఢత ముందు 16 చిన్న అంకె. ప్రతి మందుకూ తన సొంత గీత ఉంటుంది, ఒకదాని అంకెను ఇంకోదానితో పోల్చకూడదు. పట్టిక అడుగున మెరోపెనెమ్, కొలిస్టిన్ లాంటి ఇంజెక్షన్ల పేర్లు సెన్సిటివ్ అని కనిపించగానే అవే కావాలని అడిగేవారూ ఉన్నారు. అవి వేరే దారి లేనివారి కోసం దాచుకోవాల్సినవి.

కొన్ని రిపోర్టుల్లో ఈఎస్‌బీఎల్ అనే మాట ఉంటుంది. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతుల మందులను ఛిన్నాభిన్నం చేసే ఎంజైమును ఆ బ్యాక్టీరియా తయారుచేస్తోందని దానర్థం. అది కిడ్నీలో ఉంటే తరచు ఇంజెక్షన్లే శరణ్యం. మూత్రాశయం వరకే ఉంటే మాత్రం నైట్రోఫ్యురాంటోయిన్, ఫాస్ఫోమైసిన్ చాలాసార్లు ఇంకా పనిచేస్తాయి. మళ్లీ అదే ప్రశ్న: ఎక్కడుంది?

మందు రాయని చీటీ

పెద్దావిడ విషయంలో ఇంట్లోవాళ్లను ఒప్పించడమే కష్టం. రిపోర్టులో బ్యాక్టీరియా ఉంది, చీము కణాలూ ఉన్నాయి, మందెందుకు రాయరు? వయసు పైబడినవారిలో మూత్రాశయంలో బ్యాక్టీరియా ఏ హానీ చేయకుండా కాపురం ఉండటం చాలా మామూలు. మూత్రగొట్టం, అంటే కాథెటర్, నెల రోజులు ఉంచితే దాదాపు ప్రతివారి మూత్రంలోనూ బ్యాక్టీరియా దొరుకుతుంది. మూత్రం వాసన మారడం, కాస్త మసకగా ఉండటం ఇన్ఫెక్షన్‌కు రుజువు కాదు. ఇలాంటివారికి మందు ఇచ్చినందువల్ల మేలు జరగదని పదే పదే తేలింది. షుగర్ ఉన్నవారిలోనూ అంతే. పైగా నష్టం ఉంది. తరచు ఇన్ఫెక్షన్లు వచ్చే యువతుల్లో బాధలేని బ్యాక్టీరియాకు మందిస్తే, ఇవ్వనివారి కంటే ఆ తర్వాత ఎక్కువసార్లు అసలైన ఇన్ఫెక్షన్ వచ్చినట్టు 2012లో ఇటలీలో వచ్చిన అధ్యయనం చూపింది. సాధువుగా ఉన్న బ్యాక్టీరియాను వెళ్లగొట్టి, దుడుకుదానికి చోటిచ్చినట్టయింది.

మినహాయింపులు ముఖ్యంగా రెండే. గర్భిణులు: వారిలో బాధలేని బ్యాక్టీరియా కూడా కిడ్నీ ఇన్ఫెక్షన్‌గా మారే అవకాశం ఎక్కువ, కాబట్టి వెతికి మరీ మందివ్వాలి. రెండోది, మూత్రమార్గంలో నెత్తురు వచ్చేలా చేసే ఆపరేషన్లకు ముందు. పెద్దవయసువారు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే నేరాన్ని మూత్రం మీదికి నెట్టడం ఒక పాత అలవాటు. జ్వరం, మంట, పక్క నొప్పి ఏవీ లేనప్పుడు ముందు ఒంట్లో నీరు తగ్గిందా, కొత్త మందు ఏదైనా మొదలుపెట్టారా, మలబద్ధకం ఉందా అని చూడాలి.

ఎన్ని రోజులు?

కోర్సు పూర్తిచేయండి, లేకపోతే బ్యాక్టీరియా మొండికెత్తుతుంది అని దశాబ్దాలుగా విన్నాం. ఇప్పుడు ఆ మాట పూర్తిగా నిలబడటం లేదు. అవసరానికి మించి వాడిన ప్రతిరోజూ పేగులోని బ్యాక్టీరియాకు నిరోధకత నేర్పే రోజే. అలాగని బాగుందనిపించగానే ఆపేయమనడం లేదు. కోర్సులే చిన్నవయ్యాయి. స్త్రీలలో మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు మందును బట్టి ఒకటి, మూడు, ఐదు రోజులు. కిడ్నీ ఇన్ఫెక్షన్‌కు ఫ్లోరోక్వినోలోన్లతో ఐదు నుంచి ఏడు. రాసిన ఆ కొద్ది రోజులూ వాడాలి. మిగిలిన నాలుగు మాత్రలు దాచుకుని, ఆరు నెలల తర్వాత మంట రాగానే వేసుకోవడమంత చెడ్డ పని మరొకటి లేదు. అరకొర మోతాదు పడుతుంది, కల్చర్ కూడా పాడవుతుంది.

అసలు యాంటీబయాటిక్ లేకుండా తగ్గదా? తగ్గవచ్చు. 2015లో జర్మనీలో వచ్చిన ఒక పరీక్షలో మంటకు ఇబుప్రొఫెన్ మాత్రమే ఇచ్చిన స్త్రీలలో సుమారు మూడింట రెండు వంతుల మందికి యాంటీబయాటిక్ అవసరమే పడలేదు. అయితే వారు ఎక్కువ రోజులు బాధపడ్డారు, కిడ్నీ ఇన్ఫెక్షన్లూ ఆ వర్గంలోనే ఎక్కువ కనిపించాయి. తేలికపాటి మంట ఉన్న ఆరోగ్యవంతురాలు డాక్టరుతో మాట్లాడి ఒకటి రెండు రోజులు వేచి చూడటం తప్పు కాదు, కానీ ఇది గర్భిణులకు, జ్వరం ఉన్నవారికి వర్తించదు.

ఆరు నెలల్లో రెండుసార్లు, లేదా ఏడాదిలో మూడుసార్లు వస్తే మళ్లీ మళ్లీ వచ్చే ఇన్ఫెక్షన్ అంటారు. ఇక్కడ మాత్రల కంటే ముందు చూడాల్సినవి ఉన్నాయి. తక్కువ నీళ్లు తాగే స్త్రీలు రోజుకు అదనంగా లీటరున్నర తాగితే ఇన్ఫెక్షన్లు సగానికి తగ్గాయని 2018లో తేలింది. నెలసరి ఆగినవారికి యోనిలో రాసే ఈస్ట్రోజెన్ క్రీము మంచి రక్షణ. మెథెనమిన్ అనే పాత మందు ఆమ్ల మూత్రంలో ఫార్మాల్డిహైడ్‌గా మారి బ్యాక్టీరియాను చంపుతుంది. నివారణలో అది రోజువారీ యాంటీబయాటిక్‌కు తీసిపోదని 2022లో బ్రిటన్‌లో వచ్చిన పరీక్ష తేల్చింది. దాన్ని కూడా సిట్రేట్ సిరప్‌తో కలిపితే వృథాయే.

కొత్త మాత్రలూ వస్తున్నాయి. ఉత్తర ఐరోపా దేశాల్లో దశాబ్దాలుగా వాడుతున్న పివ్‌మెసిలినామ్‌కు అమెరికా 2024లో గానీ అనుమతి ఇవ్వలేదు. అదే ఏడాది సులోపెనెమ్, 2025 మార్చిలో పూర్తిగా కొత్త తరహా మందైన జెపోటిడాసిన్ అనుమతులు పొందాయి. మూడూ ముందుగా మూత్రాశయ ఇన్ఫెక్షన్ కోసమే, అంటే 28 ఏళ్ల యువతికే. జ్వరంతో వణికే ఆవిడకు ఇవి జవాబు కావు.

ఆ యువతికి మంట రెండో రోజుకే తగ్గుముఖం పడుతుంది. ఆవిడకు జ్వరం దిగడానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు. అప్పటికీ దిగకపోతే మందు మార్చడమొక్కటే సరిపోదు, రాయి అడ్డుపడిందా, చీముగడ్డ కట్టిందా అని స్కాన్ తీయాలి. ఇద్దరికీ నయమయ్యాక, అంతా పోయిందో లేదోనని మళ్లీ కల్చర్ చేయించాలనిపిస్తుంది. గర్భిణులకు తప్ప అది అక్కర్లేదు. చేయిస్తే అందులో ఏదో ఒక బ్యాక్టీరియా దొరికినా దొరకవచ్చు, అప్పుడు ఏ బాధా లేని మనిషి చేతిలో పెద్దావిడ రిపోర్టు లాంటిదే ఇంకొకటి ఉంటుంది.